అరవై దాటాక ఒప్పుకోలు

వయసు మీదపడితే ఎదుటివాళ్ల తప్పులు బాగానే కనిపిస్తాయి. జాన్ న్యూటన్‌కి మాత్రం తనవే కనిపించాయి. ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన రాసింది ఈయనే. 1748లో నడిసముద్రంలో తుపానుకు చిక్కి దేవుణ్ని తలచుకున్నాడు. చిత్రమేమిటంటే, ఆ తర్వాత కూడా ఆఫ్రికా బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు! 1754లో జబ్బుచేసి సముద్రం మానేశాడు. పదేళ్లకు ఇంగ్లాండులోని ఓల్నీలో చర్చి గురువయ్యాడు.

నోరు విప్పడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1788లో, 62 ఏళ్ల వయసులో, బానిస వ్యాపారం మీద చిన్న పుస్తకం వేశాడు. సంకెళ్లు, ఊపిరాడని ఇరుకు... చూసిందంతా రాశాడు. వ్యాపారులను తిట్టి ఊరుకోలేదు, తనూ అందులో పాలుపంచుకున్నానని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

చివర్లో చూపు మందగించింది, జ్ఞాపకశక్తి తగ్గింది. ప్రసంగాలు ఇక చాలన్నా వినలేదు. 1807 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. ఆ డిసెంబరులో, 82 ఏళ్ల వయసులో, న్యూటన్ కన్నుమూశాడు.