బాకా ఊదండి... కాలేజీ సీటు కొట్టండి!

'బాకా ఊదడం' అంటే మనవైపు ఎవరినో పొగిడి పబ్బం గడుపుకోవడం! కాని అమెరికాలో నిజంగానే బాకా ఊది కాలేజీ చదువు చదువుకునే కుర్రకారు ఉన్నారంటే నమ్ముతారా? నమ్మాలి మరి!

2002లో వచ్చిన 'డ్రమ్‌లైన్' చూశారా? చూడనివాళ్ళకి కథ నాలుగు ముక్కల్లో... న్యూయార్క్ హార్లెం కుర్రాడు డెవాన్ (నిక్ కేనన్) డ్రమ్ము వాయించడంలో దిట్ట. అట్లాంటాలో ఒక యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పిలుస్తుంది. కాని అయ్యగారికి నొటేషన్ చదవడం రాదు! వచ్చని అబద్ధమాడాడు. ఆ గుట్టు రట్టయ్యే సీను దగ్గర మా ఇంట్లో ఒకాయన కళ్ళు తుడుచుకున్నారు. ఆయనెవరో చివర చెప్తాను.

సినిమాలోని యూనివర్సిటీ కల్పితం. స్కాలర్‌షిప్పులు మాత్రం నిజం!

ఊపిరికి పరీక్ష

అక్కడ చాలా హైస్కూళ్ళలో బ్యాండు కూడా ఒక క్లాసే. ట్రంపెట్, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, ట్యూబా... ఈ ఇత్తడి వాద్యాలు మోగందే ఫుట్‌బాల్ మైదానంలో సందడి ఉండదు. అందుకే యూనివర్సిటీ బ్యాండులు మంచి వాయిద్యగాళ్ళని ఏరుకుంటాయి. పరీక్షలో మామూలుగా మూడు మెట్లు. స్కేల్స్ వాయించాలి. సాధన చేసి తెచ్చిన ముక్క వినిపించాలి. ఆఖర్న, అప్పటికప్పుడు చేతికిచ్చిన కాగితం చూసి వాయించాలి. అసలు గండం అదే!

సీటొచ్చాక చేతులు దులుపుకుంటే కుదరదు. బ్యాండులో కొనసాగాలి, మార్కులూ తగ్గకూడదు. ఫీజు మొత్తం మాఫీ అయ్యే అదృష్టవంతులు కొందరే. మిగతావాళ్ళకి కొంత భాగమే.

ఈ బ్యాండుల దర్జా సామాన్యమైంది కాదు. ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీ 'మార్చింగ్ 100' 1989లో ఫ్రెంచి విప్లవ ద్విశతాబ్ది ఉత్సవాలకి పారిస్ వీధుల్లో కవాతు చేసింది. టెనెస్సీ స్టేట్ యూనివర్సిటీ బ్యాండు 2023లో గ్రామీ కొట్టింది. 2018లో కోచెల్లా వేదిక మీద బియాన్సే హోరెత్తించింది ఈ బాణీతోనే!

ఇక కాగితం చదవడం వస్తే ఎంత దూరం పోవచ్చో విన్‌టన్ మార్సాలిస్‌ని చూడండి. న్యూ ఆర్లియన్స్ కుర్రాడు. 14 ఏళ్ళకే ఆర్కెస్ట్రాతో హైడెన్ ట్రంపెట్ కచేరీ ముక్క వాయించాడు. 1979లో జూలియార్డ్‌లో చేరాడు. 1984లో జాజ్‌కీ, క్లాసికల్‌కీ ఒకే రాత్రి గ్రామీలు అందుకున్నాడు!

మా మామయ్య కథ

ఇంతకీ కళ్ళు తుడుచుకున్నది మా మేనమామ. పెళ్ళి బ్యాండులో ట్రంపెట్. పాట ఒక్కసారి వింటే చాలు, సాయంత్రం ఊరేగింపులో దించేసేవాడు. కుర్రతనంలో మద్రాసు వెళ్ళి ఒక రికార్డింగులో అవకాశం అడిగాడు. విన్నారు, భేష్ అన్నారు. ఎదురుగా స్టాండు మీద నొటేషన్ కాగితం పెట్టారు. అంతే, ట్రంపెట్ మూగపోయింది!

సినిమా అయ్యాక నెమ్మదిగా అన్నాడు: "ఒరేయ్ అబ్బాయ్, వాడికి రాదని తెలిసి నేర్చుకోమన్నారు. నాకు రాదని తెలిసి బస్సు చార్జీ చేతిలో పెట్టారు. అంతేరా తేడా!"

నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మామయ్య మనవడు తొమ్మిదో క్లాసు. సాయంత్రాలు ట్రంపెట్‌తో పాటు నొటేషన్ పుస్తకం కూడా తెరుస్తున్నాడు. పక్కనే కళ్ళజోడు సర్దుకుంటూ కూచున్న రెండో విద్యార్థి ఎవరో వేరే చెప్పాలా?