అది మట్టి కాదమ్మా!

వేసవి సెలవులకి మనవలిద్దరూ హైదరాబాదు నుంచి వచ్చారు. పెద్దది ఇంటరు, చిన్నాడు ఏడో తరగతి. వచ్చీ రాగానే పెద్దది సంచిలోంచి రెండు వస్తువులు తీసి నా చేతిలో పెట్టింది. ఒకటి అరచేతిలో ఇమిడే సిలికాన్ బిళ్ళ, దాని నిండా మెత్తటి ముళ్ళు. అది ఒంటికట. రెండోదానికి పట్టుకోవడానికి పిడి ఉంది, కింద చిటికెనవేలి గోరంత పొడుగు పళ్ళున్నాయి. అది తలకట. “తాతయ్యా, నూతిగట్టు దగ్గర ఆ బీరపీచు ఇంక తీసెయ్యండి, షవర్ కింద వీటితో రుద్దుకుంటే ఎంత హాయిగా ఉంటుందో!” అంది.

నేను పీచు తియ్యలేదు. అది నాకు చిన్నప్పటి నేస్తం. పెరట్లో నేతిబీర పాదు ఉండేది. కాయ తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమనే దాకా మా అమ్మమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఎండిన తొక్క ఒలిచి గింజలు దులిపేస్తే మిగిలేదే పీచు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు దానికి నీళ్ళూ ఆహారమూ అందించిన సన్నటి గొట్టాల వల అది. వంటకు పనికిరాని ముదురు కాయ ఒంటికి పనికొచ్చేది.

మర్నాడు పొద్దున పెద్దది స్నానం మధ్యలో తలుపు ఓరగా తీసి చెయ్యి బయటపెట్టింది. “చూడండి తాతయ్యా, ఎంత మట్టి వస్తోందో!” నిజమే, మోచేతి మీద బూడిదరంగు సన్నటి ఉండలు, పురికొస తునకల్లా ఉన్నాయి.

“అది మట్టి కాదమ్మా, నువ్వే!” అన్నాను.

వినాయకచవితి కథ మీకందరికీ తెలుసు కదా. పార్వతీదేవి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసింది. ఒంటికి సున్నిపిండి పట్టించి రుద్దితే రాలే ఆ ఉండల్లో పెసరపిండీ నూనే మాత్రమే ఉండవు, మన చర్మం కూడా ఉంటుంది. ఎలాగో చెప్తాను.

మన చర్మం పైపొరలో అడుగున ఎప్పుడూ కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. పుట్టినవి మెల్లగా పైకి జరుగుతూ, దారిలో లోపలి సరుకంతా పోగొట్టుకుని, చచ్చి, కెరటిన్ నిండిన పల్చటి పెంకులుగా మారతాయి. అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి ఇంచుమించు నెల, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ చచ్చిన పెంకులే పదిహేను ఇరవై వరసలుగా పేరుకుని మన ఒంటికి పైగోడ అవుతాయి. పెంకులు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వులు సున్నం. ఒంట్లో నీళ్ళు ఆవిరైపోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపాడేది ఈ గోడే. ముంజేతి మీద దీని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంటే మీ తలవెంట్రుక మందంలో పావో మూడో వంతో!

ఆ పెంకుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే చిన్న చిన్న కుట్లున్నాయి. పైవరసకి వచ్చేసరికి ఒంట్లోని ఎంజైములే ఆ కుట్లు తెంపేస్తాయి. ఊడిన పెంకు దానంతటదే రాలుతుంది. పిల్లలూ, అసలు సంగతి ఇక్కడే ఉంది. మనం రుద్దినా రుద్దకపోయినా చర్మం రోజూ కోట్ల కొద్దీ పెంకుల్ని రాలుస్తూనే ఉంటుంది. పీచైనా సిలికానైనా చేసేది, ఇప్పటికే ఊడి చెమటతో, నూనెతో అతుక్కుని ఉన్నవాటిని జరపడమే. ఊడనివాటిని బలవంతాన పీకితే గోడకి చిల్లు పడుతుంది. స్నానమయ్యాక ఒళ్ళు చురచురలాడటం, తెల్లగా పొడిబారి గీతలు పడటం దాని గుర్తులే.

నమ్మకపోతే ఒక పని చెయ్యండి. స్నానానికి ముందు ముంజేతి మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించి, వేలితో ఒకసారి నొక్కి, మెల్లగా లాగండి. దాన్ని నల్ల కాగితం మీద అతికించి భూతద్దంతో చూడండి. తెల్లగా పొలుసులు పొలుసులుగా కనిపిస్తాయి. మా చిన్నాడు అది చూసి, “ఇదంతా నా చర్మమేనా?” అని రోజంతా ఇంట్లో అందరి చేతులకీ టేపులు అంటించాడు. చర్మాన్ని పరిశోధించేవాళ్ళు కూడా ఇలాగే టేపుతో వరస వెనక వరస తీసి చూస్తారు.

మడమల సంగతి వేరు. అక్కడ పైగోడ ఒంటి మీదకంటే ఎన్నో రెట్లు మందం. అందుకే నూతిగట్టు రాయికేసి మడమలు రుద్దుకున్నా ఏమీ కాదు. అదే రాయి మెడకి పెట్టకూడదు.

తల దగ్గరికొద్దాం. ఆ పిడి ఉన్నదానితో రుద్దగానే వెంట్రుకలు ఊడివచ్చాయని పెద్దది బెంగపెట్టుకుంది. తల మీద దగ్గర దగ్గర లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. ఎదగడం ఆగిపోయిన వెంట్రుక రెండు మూడు నెలల పాటు కుదుట్లోనే ఉండి, చెయ్యి తగిలినప్పుడు వచ్చేస్తుంది. దాని కొస చూడమన్నాను. గుండుసూది తలకంటే చిన్నగా తెల్లటి బుడిపె ఉంది. బుడిపె ఉంటే కాలం తీరిన వెంట్రుక, లేకపోతే మధ్యలో తెగింది. తడి వెంట్రుక పొడిదానికంటే బలహీనంగా ఉండి ఎక్కువ సాగుతుంది. అందుకే ముందు పొడి జుట్టు చిక్కు తీసుకుని, తర్వాత ఆ పళ్ళని ఈడ్చకుండా ఒకచోట ఆనించి, కింద చర్మం కదిలేలా మెల్లగా తిప్పాలి. తలంటేటప్పుడు మా అమ్మమ్మ వేళ్ళు చేసిన పనే అది.

అలా రుద్దితే జుట్టు పెరుగుతుందా? 2016లో జపాన్‌లో తొమ్మిది మంది మగవాళ్ళకి రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ఇరవై నాలుగు వారాలు తల మర్దన చేసి చూశారు. వెంట్రుక మందం కాస్త పెరిగింది, సంఖ్య పెరగలేదు. తొమ్మిది మందిని చూసి అందరికీ ఇంతే అనలేం. చుండ్రుకి మాత్రం పళ్ళతో గీరడం మందు కాదు. తలలో నూనె తిని బతికే మలసీజియా అనే శిలీంధ్రం దాని వెనక ఉంది. పొలుసులు పోయినా అది పోదు. మందు షాంపూ రాసి, సీసా మీద చెప్పినన్ని నిమిషాలు ఉంచి కడగాలి.

సిలికాన్‌కి ఒక నిజమైన గొప్ప ఉంది. అది నీళ్ళు పీల్చదు, త్వరగా ఆరుతుంది. పీచు పీల్చుకుంటుంది. రాలిన చర్మం, తడి, నీడ, మూడూ కలిసిన చోట బాక్టీరియా పెరుగుతుంది. తడి పీచులో సూడోమొనాస్ లాంటివి బాగా పెరుగుతాయనీ, అక్కడి నుంచి ఒంటికి అంటుకోగలవనీ 1994లో అమెరికా పరిశోధకులు చూపించారు. మా పీచు ఎప్పుడూ ఎండ తగిలే మేకుకే వేలాడేది. మీరూ అలాగే చెయ్యండి, మూడు నాలుగు వారాలకి మార్చండి. ఒకరి పీచు ఇంకొకరు వాడొద్దు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట. మూడో రోజు పెరట్లో చిన్నాడి ఏడుపు వినిపించింది. వెళ్ళి చూస్తే, పెద్దది వాడి తల వంచి ఆ సిలికాన్ బిళ్ళతో మెడ వెనక తోముతోంది. “అమ్మ తోమమంది తాతయ్యా, ఎంత రుద్దినా మట్టి పోవట్లేదు.” మెడ ఎర్రగా కందిపోయింది. నలుపు అలాగే ఉంది. బడిలో పిల్లలు వాణ్ణి “మట్టిమెడ” అంటారట. ఆ మాట చెప్తున్నప్పుడు వాడు నా మొహంలోకి చూడలేదు.

వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఆ నలుపు మీద వేలు పెట్టి చూశాను. మట్టయితే గరగరలాడాలి. ఇది మఖమల్ గుడ్డలా మెత్తగా, మందంగా, ముడతలు ముడతలుగా ఉంది. దీన్ని వైద్యులు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒళ్ళు ఇన్సులిన్ మాట సరిగా విననప్పుడు రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మకణాల్ని కూడా పెరగమని తొందరపెడుతుంది. మెడ, చంకలు నల్లబడటం దాని ఆనవాలు. ఒళ్ళు చేసిన పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ముందు ముందు షుగరు రావచ్చని ఒళ్ళు ఇచ్చే కబురు అది. దాన్ని సబ్బుతో చెరపాలని చూస్తున్నాం మనం.

రుద్దుడు వల్లే వచ్చే నలుపు ఇంకొకటి ఉంది. నైలాన్ పీచుతో ఏళ్ళ తరబడి గట్టిగా తోముకునేవాళ్ళకి భుజాల మీద, మెడ కింది ఎముక మీద, వెన్ను వెంబడి, ముంగాళ్ళ మీద నల్లటి మచ్చలు వస్తాయి. కింద ఎముక ఉండి పైన రాపిడి ఎక్కువయ్యే చోట్లవి. 1980ల్లో జపాన్ వైద్యులు వీటి గురించి రాశారు, మన దగ్గరా ఉన్నాయి. రాపిడికి కణాలు దెబ్బతిని, వాటిలోని రంగు లోపలిపొరలోకి జారిపోతుంది. ఇక నీళ్ళకి అందదు. మనిషి అది మురికనుకుని ఇంకా తోముతాడు, ఇంకా నల్లబడుతుంది. పీచు మానేస్తే నెలల మీద మెల్లగా తగ్గుతుంది.

చిన్నాణ్ణి ఆ వారమే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. బరువు చూశారు, రక్తపరీక్షలు రాశారు. ఆటలూ తిండీ గురించి వాడితోనే నెమ్మదిగా మాట్లాడారు. ఇంటికొచ్చాక పెద్దది తమ్ముడి మెడకి కొబ్బరినూనె రాసింది.

మీ ఇంట్లో ఏ బిడ్డ మెడైనా తోమినా పోని నలుపుతో కనిపిస్తే, బిడ్డని తిట్టకండి, పీచు పక్కన పెట్టండి, ఒకసారి డాక్టరుకి చూపించండి.