తెగిన నరం, దూలగొండి గింజ

మోచెయ్యి తలుపు అంచుకు తగిలితే చిటికెన వేలిదాకా జిల్లుమంటుంది కదా! ఆ దెబ్బ ఎముకది కాదు, అక్కడ చర్మం కిందుగా పోయే అల్నార్ నరానిది.

చేతిలో, కాలిలో నరం తెగితే మళ్లీ పెరుగుతుంది. వేగం మాత్రం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. మోచేతి దగ్గర తెగితే వేళ్లకు స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. ఎంతవరకు పెరిగిందో చూడాలంటే డాక్టరు నరం దారి వెంట వేలితో తట్టుకుంటూ పోతారు. ఎక్కడ చీమలు పాకినట్టు ఉంటే అక్కడిదాకా వచ్చిందని లెక్క. తమాషా ఏమిటంటే, 1915లో ఈ కిటుకును ఫ్రాన్సులో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ విడివిడిగా రాశారు. అప్పుడు ఆ రెండు దేశాలూ యుద్ధంలో ఉన్నాయి.

హెన్రీ హెడ్ అనే ఇంగ్లీషు డాక్టరుది మరో రకం పట్టుదల. తెగిన నరం మానేటప్పుడు ఏమనిపిస్తుందో రోగులు సరిగా చెప్పలేకపోతున్నారని, 1903లో తన ఎడమ చేతి నరాన్నే కోయించుకుని కుట్టించుకున్నాడు. తర్వాత లండన్ నుంచి కేంబ్రిడ్జికి వెళ్లి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మిత్రుడు రివర్స్ ఆ చేతిమీద సూదితో గుచ్చి, దూదితో రాసి, వేడివీ చల్లనివీ తగిలించి, హెడ్ చెప్పింది రాసుకునేవాడు. నాలుగేళ్లకు పైగా సాగిందీ పని. ముందు తిరిగొచ్చింది నొప్పి. అదీ ఎక్కడో తేల్చి చెప్పలేని మొరటు నొప్పి. దూది మెత్తదనం తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

వెన్నుపాములో ఈ అదృష్టం లేదు. అక్కడి నరాల పోగుల చుట్టూ ఉండే కొవ్వుపొరలోని ప్రోటీన్లు, గాయం దగ్గర కట్టే మచ్చ కలిసి కొత్త పోగుల్ని ముందుకు పోనివ్వవు.

ఇక మెదడు జబ్బుల మందుల సంగతి. ఒంటికి తగిలితే దురదతో చంపే దూలగొండి తెలుసుగా? దాని గింజల్ని ఆయుర్వేదంలో కంపవాతానికి వాడతారు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ గింజల నుంచి లీవోడోపా అనే పదార్థాన్ని వేరు చేశారు. పార్కిన్సన్స్ అనే ఈ కంపవాతానికి, మెదడులో లీవోడోపా నుంచి తయారయ్యే డోపమిన్‌కు సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. 1961లో వియన్నాలో అదే పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తే, మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. అలాగని గింజలు నూరుకుని మింగకండి, మోతాదు మన చేతిలో ఉండదు.

ఉన్మాదానికి లిథియం దొరకడం ఇంకా విచిత్రం. ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే మనోవైద్యుడు వేరే దేనికోసమో గినీ పందులకు లిథియం ఉప్పు ఎక్కిస్తే అవి నెమ్మదించాయి. ముందు తనే మింగి చూసుకుని, తర్వాత రోగులకు ఇచ్చి, 1949లో ప్రకటించాడు. ఆ జంతువులకు బహుశా మోతాదు మించి విషమెక్కిందేమోనని తర్వాత కొందరు అనుమానపడ్డారు. మందు మాత్రం నిలిచింది. ఇప్పటికీ రక్తపరీక్ష చేయిస్తూ రాస్తున్నారు.