జీబ్రాల కాపురము

తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి బయళ్లలో వేలకొలది జీబ్రాలు మేయుచుండ, దూరమునుండి చూచువారికి అదియంతయు నొక్క మందయనియే తోచును. నిజమునకు అందున్నవి చిన్నచిన్న కాపురములు. ఒక మగది, కొన్ని ఆడవి, వాని పిల్లలు, ఇంతియే సంసారము.

నడకలో ముందుండునది మగది కాదు, పెద్ద ఆడది. దాని వెంట దాని పిల్ల, పిమ్మట తక్కినవి తమతమ వరుసను పట్టి నడచును. మగది తరచుగా వెనుకనుండి కాచుచు వచ్చును. క్రొత్తగా చేరిన పడుచుదానిని పాతవి కఱచి, తన్ని వేధించును, మగది యడ్డుపడవలసినదే. కోడరికమన నక్కడను కోడరికమే గదా, సోదరీమణులారా! అయినను ఆ మగది చచ్చి వేఱొకటి వచ్చినను ఆడవి విడిపోవు.

ఏ రెండు జీబ్రాల చారలును ఒక్కతీరున నుండవు. పిల్ల పుట్టిన గడియలోపలనే లేచి నిలుచును. దాని చారలు మొదట గోధుమవన్నెగా నుండును. తల్లి కొన్నాళ్లు ఇతరములను దరిజేరనీయదు. తన చారలు, వాసన, కూత పిల్ల గుర్తుపట్టువరకు నీ కాపలా. తల్లిని తప్పిన పిల్లకు వేఱొకటి పాలిచ్చుట అరుదు.

చారలవలన వేఱొక లాభమును గలదు. 2019లో ఇంగ్లండునందు గుఱ్ఱములకు చారల గుడ్డలు కప్పి చూడగా, వానిపై జోరీగలు మిక్కిలి తక్కువగా వాలెను. గుడ్డలేని తలపై మాత్రము ఎప్పటివలెనే వాలెను.

ఉత్తర కెన్యాలో ముఖ్యముగా నుండు గ్రేవీ జీబ్రాలకు ఇట్టి స్థిరమైన కాపురము లేదు. మగది నేలను కాచుకొనును. ఆడవి వచ్చి పోవును. అవి మిగిలినవి సుమారు 3,000 మాత్రమే. పాలిచ్చు తల్లి నీటిని విడిచి దూరము పోజాలదు. ఆ మడుగులకే పశువుల మందలును వచ్చును.