పాలసీ ఉంది గాని కాన్పుకు రాదట!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు సంఘాల్లో ఆరోగ్య బీమా మాట ఎత్తితే మన సహోదరీలు అడిగేది ఒకటే: "డబ్బు కట్టించుకునేటప్పుడు అన్నిటికీ వస్తుందన్నారు, తీరా కాన్పుకు పోతే రాదంటారేమండీ?"

జవాబు పాలసీ కాగితంలోనే సన్నని అక్షరాల్లో ఉంటుంది. కంపెనీలన్నీ ఒకే తీరుగా అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ 2020లో తెచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీనే చూద్దాము. అందులో కాన్పు ఖర్చు, సిజేరియన్‌తో సహా, రాదు. పిండం గర్భసంచి బయట నిలిచి ప్రాణం మీదికి వస్తే మాత్రం ఇస్తారు. పిల్లలు లేనివారి వైద్యానికీ రాదు. గర్భసంచి ఆపరేషనుకు 24 నెలలు ఆగాలి. హెర్నియాకు, కంటి శుక్లానికీ ఇంతే గడువున్న మాట నిజమే. అయితే కాన్పు బిల్లు ఏ మగవాని పేరున వస్తుంది? కాన్పుకు ఇచ్చే పాలసీలు కొన్ని ఉన్నా, వాటికి ప్రీమియం ఎక్కువ, ఏళ్ల తరబడి గడువు. కొత్త కోడలు అంతకాలం ఆగగలదా!

బీమావారి ఈ చూపు నేటిది కాదు. జీవిత బీమా సంస్థ తన ఉద్యోగిని నీరా మాథుర్‌ను, గర్భవతినన్న సంగతి దాచిందని 1990లో తొలగించింది. ఉద్యోగ ఫారంలో నెలసరి తేదీలు, కాన్పులు, గర్భస్రావాలు అన్నీ అడిగారు. 1991 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకొమ్మని, సిగ్గుపుచ్చే ఆ ప్రశ్నలు తీసివేయమని తీర్పిచ్చింది.

కార్డు ఉన్నచోట బాధ మరో విధము. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది. మన తెలంగాణలో దాదాపు 8 మంది. ప్రభుత్వ బీమా డబ్బు కోసం అవసరం లేని ఆపరేషన్లు చేశారన్న బీహారు, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ ఫిర్యాదులపై, వీటిని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. రక్తస్రావంతో పన్నెండేండ్లు బాధపడిన సువార్తలోని స్త్రీ ఉన్నదంతా వైద్యులకే పోగొట్టుకుంది. మన పొలం కూలీ తల్లులు నలభై నిండకుండానే గర్భసంచి పోగొట్టుకుంటున్నారు. "కార్డు ఉంది గదా" అని డాక్టరు తొందరపెడితే, మరో డాక్టరును అడగండి.

తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు 2023 డిసెంబరు నుండి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ కూడా, ఉచితమే. ప్రైవేటు పాలసీ తీసుకుంటే, కాగితం చేతికి వచ్చిన 30 రోజుల్లో నచ్చలేదని తిరిగి ఇవ్వవచ్చు. క్లెయిము తోసివేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకి ఫిర్యాదు వ్రాయండి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చినది న్యాయంగా లేకపోయినా, ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టవచ్చు. రుసుము లేదు, వకీలుతో పని లేదు.