రోహిణికార్తెలో వంతెన

రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. విశాఖపట్నవాసులకు ఇది అతిశయోక్తిగా తోచవచ్చు. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపుగాలి వచ్చి మనల్ని కాస్త కనికరిస్తుంది. వంతెనల విషయంలో మాత్రం ఆ సామెతను తేలికగా తీసివేయరాదని రెండేళ్ల క్రిందటనే నాకు తెలిసివచ్చింది.

నేను తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి. కాంక్రీటుతో నాకు పరిచయం తక్కువ. అయితే సాయంకాలం షికారు పోయే దారిలో మా ఊరి వంతెన ఒకటి వున్నది. పైన బస్సు పోయినప్పుడల్లా ‘టక్, టక్’ మని రెండు దెబ్బలు వినిపించేవి. ఒకప్పుడు నావద్ద చదువుకొని నేడు ఇంజనీరైన కుర్రవాడు వెంట వున్న రోజున, ఆ చప్పుడేమిటని అడిగాను. “వంతెన మసలడానికి విడిచిన సందండి, మాస్టారూ! చక్రం దాన్ని దాటిన చప్పుడది” అన్నాడు. కాంక్రీటు మసలడమేమిటని నవ్వాను. అతడు నవ్వలేదు.

కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవున మిల్లీమీటరులో సుమారు 100వ వంతు సాగుతుందట. ఇది లెక్కలోకి రాని సంగతిగా కనిపిస్తుంది. కాని విశాఖనుంచి బెజవాడకు రైలులో పోయేవారు రాజమహేంద్రవరంవద్ద చూచే కమానుల వంతెనను తలచుకోండి. 1997లో రాకపోకలకు తెరచిన ఆ కాంక్రీటు వంతెనకు 28 కమానులు. ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్లు. చలికాలపు వేకువకూ వేసవి మధ్యాహ్నానికీ నడుమ కాంక్రీటు వేడిలో 30 డిగ్రీల తేడా వున్నదనుకుంటే, ఒక్క కమాను దాదాపు 3 సెంటీమీటర్లు పెరుగుతుంది. మొత్తం వంతెనను ఏకఖండంగా కట్టివుంటే ఆ పెరుగుదల 80 సెంటీమీటర్లు దాటేది! అందుకనే దానిని ముక్కలుగా కట్టి, ముక్కకూ ముక్కకూ నడుమ జాగా విడిచారు.

మన ఊరి కర్మాగారంలో తయారయ్యే ఉక్కు కడ్డీ కూడా ఇంచుమించు కాంక్రీటంతగానే సాగుతుంది. ఈ అదృష్టం లేకపోతే రెండూ ఒకదానినుంచి మరొకటి విడిపోయేవి.

పెరుగుదలకంటె చిక్కైనది మరొకటి వున్నది. కాంక్రీటు వేడిని త్వరగా లోపలికి పోనీయదు. మిట్టమధ్యాహ్నం పైతలం కాగుతుంటే, నీడలోని అడుగుభాగం చల్లగానే వుంటుంది. పైభాగం సాగి, అడుగు సాగక, వంతెన నడుమ కొంచెం పైకి వంగుతుంది. రాత్రి పైతలం త్వరగా చల్లారి, ఆ వంపు తారుమారవుతుంది. రెండు స్తంభాలమీద విడిగా కూర్చున్న దూలానికి దీనివల్ల పెద్ద బాధ లేదు. అనేక స్తంభాలమీదుగా తెగకుండా సాగిన దూలానికి వంగే స్వేచ్ఛ లేదు. ఆ బిగింపంతా లోపలనే నిలిచి, పగుళ్లకు దారితీస్తుంది. న్యూజీలాండులోని ఆక్లండు నగరంలో 1966లో తెరచిన న్యూమార్కెట్ వంతెనకు ఈ గతే పట్టింది. రోహిణికార్తె ఎరుగని చల్లని ఊరది! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలు ఇప్పుడు పైతలానికి 17.8 డిగ్రీల అదనపు వేడిని లెక్కించమంటున్నాయి.

లెక్క సరిగానే వేస్తారు. కట్టిన తరువాత చూచేవారేరీ? దూలం క్రింద రబ్బరు దిమ్మ వుంటుంది, అది కదలాలి. సందులో దుమ్మూ గులకరాళ్లూ చేరకుండా వూడ్చాలి. సందు పూడిపోతే, పెరిగే దూలం ప్రక్కదానిని నెడుతుంది, అంచులు చితుకుతాయి. సముద్రతీరాన మరొక కీడు: ఉప్పుగాలి. బీటలోకి దిగిన ఉప్పు కడ్డీని తుప్పుపట్టిస్తుంది; తుప్పు ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది.

మేము మాట్లాడుకున్న కొద్దినాళ్లకే మా వంతెనకు మరమ్మతు జరిగింది. గతుకు పోవాలని సందుమీదుగా తారు పోశారు. వాహనదారులు సంతోషించారు, నా శిష్యుడు మాత్రం తల పట్టుకున్నాడు. తరువాతి వేసవిలో ఆ తారు సందు పొడుగునా ఉబ్బి చిట్లింది. వానలు రాగానే నీరు అందులోనుంచి స్తంభం తలమీదికి కారడం మొదలుపెట్టింది. ఇప్పుడక్కడ ‘టక్, టక్’ వినిపించదు. స్తంభంమీద గోధుమరంగు చారలు మాత్రం నెలనెలా క్రిందికి దిగుతున్నాయి.