అరుగు లేని ఇల్లు

ఆరేళ్ళ క్రితం మా ఊళ్ళో ఇంటి ముందరి అరుగు కొట్టించి ప్రహరీగోడ కట్టించినవాణ్ణి నేనే. ఇనుప గేటు కూడా పెట్టించి, ఇక అమ్మకు భయం లేదనుకొని నిశ్చింతగా పట్నం వచ్చి, కాలేజీలో పిల్లలకు ప్రబంధాలు చెప్పుకొంటూ కూర్చున్నాను.

అమ్మకు డెబ్బయ్యారేళ్ళు. పట్నం రమ్మంటే రాదు. "మీ మేడమీద నన్ను పలకరించే దిక్కెవర్రా?" అంటుంది. పోయిన వేసవిలో స్నానాలగదిలో జారిపడింది. పొద్దున ఏడింటికి పడితే, సాయంత్రం పాలబ్బాయి వచ్చి గేటు బాదేవరకూ ఎవరికీ తెలియలేదు. మణికట్టు విరిగింది. అరుగున్న రోజుల్లోనైతే, ఎనిమిదింటికల్లా ఆవిడ దానిమీద కనపడకపోతే ఎదురింటి పిన్ని "అక్కయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంటూ తిన్నగా లోపలికి వచ్చేసేది. గేటుకు లోపలి గడియ వేసి ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై నిండినవారు 10 కోట్ల పైచిలుకు. వారిలో 7 కోట్లకు పైగా పల్లెల్లో ఉన్నవారే. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్యపు పింఛను 4,000 రూపాయలు చేశారు, ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మంచిదే. మా పిన్నికి మాత్రం ఆ రోజు వస్తే దిగులు. ఏళ్ళ తరబడి నాట్లు వేసిన వేళ్ళు గదా, గీతలు అరిగిపోయాయి. యంత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. "నేను నేనేనే తల్లీ!" అని దానితో వాదిస్తుందట.

ఇంకొక చిత్రం. మా వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి మూరెడు ఎత్తు లేపారు. ఇళ్ళన్నీ పల్లమైపోయాయి. గుమ్మం దిగి రోడ్డెక్కడమంటే ముసలివాళ్ళకు కొండెక్కినంత పని. రామాలయం నాలుగిళ్ళ అవతలే గాని, పట్టుకోడానికి ఒక కమ్మీ అయినా లేదు. ఈ మాట ఊరి పెద్దమనిషి ఒకాయనతో అంటే, "ఆ వయసులో ఇంట్లో కూర్చోవచ్చు గదండీ" అన్నాడు. ఆయనకూ అరవై దాటాయి!

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి గోడ పడగొట్టించాను. మేస్త్రీ నావంక వింతగా చూశాడు; అది కట్టినవాడూ అతనే మరి. "అరుగు ఎంత ఎత్తు పెట్టమంటారండీ?" అని నన్నడిగితే, అమ్మ కర్ర ఊతంతో వచ్చి, "వాణ్ణేం అడుగుతావు, కూర్చునేది నేనూ" అని, కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి మోకాలు చూపింది.

సిమెంటు ఇంకా ఆరకముందే పిన్ని వచ్చి కూర్చుంది. చీరకంటిన మరక ఎంత ఉతికినా పోలేదట.